పెంచుకున్న ప్రాణం పోయాక: మొదటి రోజు నుంచి ఏం చేయాలి

మీ కుక్కో పిల్లో పోయింది ఈరోజో నిన్నో అయితే ఇదంతా ఇప్పుడు చదవక్కర్లేదు, ఈ ఒక్క పేరా చదివి పక్కన పెట్టేయండి. నీళ్లు తాగండి, ఆకలి లేకపోయినా ఏదో ఒకటి కాస్త తినండి, బండి నడపాల్సిన పని ఉంటే ఇంకొకరిని నడపమనండి, ఏడుపొస్తే ఆపుకోకండి. గిన్నె, పరుపు, బెల్టు, గొలుసు, బొమ్మలు ఏవీ ఈరోజు తీయకండి, ఎవరినీ తీయనివ్వకండి. రేపు ఆఫీసుకి వెళ్లలేననిపిస్తే సెలవు పెట్టండి. "ఇంట్లో ఒకరు పోయారు" అని కారణం చెప్పినా అందులో అబద్ధం లేదు. మిగతాది రెండు మూడు రోజులయ్యాక చదువుకోవచ్చు.

దేహం ఇంకా ఇంట్లోనే ఉంటే

ఎవరు తొందరపెట్టినా మీరు కాసేపు పక్కన కూర్చోవచ్చు, నిమరొచ్చు, మాట్లాడొచ్చు. కానీ కొన్ని సంగతులు తెలిసుంటే తర్వాత భయపడరు. ప్రాణం పోయిన కొద్ది గంటల్లోనే ఒళ్లు బిగుసుకుపోతుంది, కాబట్టి ముందే కాళ్లు ముడిచి, అది రోజూ పడుకునేట్టు సర్దండి. కళ్లు సాధారణంగా మూసుకోవు, మనం మూసినా మళ్లీ తెరుచుకుంటాయి. నోటి నుంచి, కింద నుంచి కాస్త ద్రవం కారొచ్చు, పాత గుడ్డ ఒకటి పరవండి. గుండె ఆగిపోయిందని డాక్టరు చెప్పాక కూడా ఒకటి రెండుసార్లు ఊపిరి తీసుకున్నట్టు ఛాతీ కదలడం, కండరం అదరడం జరగొచ్చు. అది చూసి "ఇంకా బతికే ఉందేమో, మనమే వదిలేసి వచ్చామేమో" అని నెలల తరబడి నలిగిపోయేవాళ్లున్నారు. అప్పటికి దానికి స్పృహ లేదు, నొప్పి లేదు, అవి నరాలూ కండరాలూ చివరిగా కదిలే కదలికలు.

పాతిపెట్టేటట్టయితే ముందు మీరుండే చోట దానికి అనుమతి ఉందో లేదో కనుక్కోండి. నీళ్లు తోడుకునే చోటికి దూరంగా, కనీసం 3 అడుగుల లోతు తవ్వాలి. ఇక బాధపడకుండా డాక్టరు చేత ప్రాణం పోయే ఇంజెక్షన్ ఇప్పించి పంపినట్టయితే ఆ లోతు ఇంకా ముఖ్యం, ఎందుకంటే అందుకు ఎక్కువగా వాడే పెంటోబార్బిటాల్ అనే మందు దేహంలో చాలాకాలం అలాగే ఉండిపోతుంది, ఇంకో జంతువు తవ్వి తింటే దానికీ విషమే. దహనం చేయించేటట్టయితే విడిగా చేస్తారా, చాలావాటిని కలిపి చేస్తారా అని ముందే అడగండి, కలిపి చేస్తే బూడిద తిరిగి ఇవ్వరు. పోయే ముందు ప్రవర్తన ఉన్నట్టుండి మారి, చొంగ కారుతూ, మింగలేక, మీదపడి కరిచి ఉంటే రేబిస్ అనుమానించాలి: ఉత్త చేతులతో ముట్టుకోకండి, వెంటనే పశువైద్యులకి చెప్పండి, కరిచినా గీరినా, చొంగ గాయానికో కంటికో నోటికో తగిలినా మీరూ అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఇంత బాధ ఎందుకంటే

మా కుక్క, మా వాడు, మాతో 12 ఏళ్లున్నాడు. పోయిన మర్నాడు పొద్దున్నే 5:30కి మెలకువ వచ్చేసింది, చెయ్యి దానంతట అదే గొలుసు తగిలించే మేకు దగ్గరికి వెళ్లింది. ఆ తర్వాత చాలా రోజులు నేను ఏడ్చింది వాడి ఫోటో చూసి కాదు, ఇలాంటి చోట్లే. తలుపు తాళం తీసేటప్పుడు కాలు అడ్డంపెట్టి కొద్దిగా మాత్రమే తెరవడం, సోఫాలో ఓ మూలకి జరిగి కూర్చోవడం, తింటూ తింటూ చివరి ముద్ద మిగల్చడం. మనిషి పోతే ఆ మనిషితో మాట్లాడిన మాటలు గుర్తొస్తాయి. వీటితో మనకి మాటలకంటే వేళలు ఎక్కువ. లేచే వేళ, పెట్టే వేళ, తిప్పే వేళ, మందులేసే వేళ. రోజుకి పది పదిహేనుసార్లు ఒళ్లు దాని కోసం కదులుతుంది, అన్నిసార్లూ అక్కడ ఖాళీయే తగులుతుంది. గచ్చు మీద గోళ్ల చప్పుడు వినపడినట్టుండటం, కంటి చివర ఏదో నల్లగా కదిలినట్టుండటం కూడా ఇలాంటిదే. చాలామందికి అవుతుంది, పిచ్చి పట్టడం కాదు, కొన్ని వారాల్లో తగ్గుతూ వస్తుంది.

ఒంట్లో జరిగేది కూడా చిన్నది కాదు. కుక్కా దాని మనిషీ ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకున్నప్పుడు ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ పెరుగుతుందని జపాన్ పరిశోధకులు 2015లో చూపించారు. తల్లికీ బిడ్డకీ మధ్య అనుబంధంలో పనిచేసే హార్మోనే అది. అలాంటి బంధం తెగితే గుండె బరువెక్కడం, నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం వింతేమీ కాదు.

కాబట్టి మొదటి వారంలో చేయాల్సిన అసలు పని, ఈ వేళల్లో మీకు అన్నిటికంటే కష్టంగా ఉన్నవి రెండో మూడో పట్టుకోవడం. మొత్తం రోజుని మార్చొద్దు. నాకు పొద్దున్న 5:30, రాత్రి ఇంటికొచ్చి తలుపు తీసే క్షణం, ఈ రెండే భరించలేనట్టుండేవి. పొద్దున్న నడకకి వెళ్లడం మానలేదు, కానీ దారి మార్చాను, చెవిలో ఏదో ఒకటి పెట్టుకుని వెళ్లాను, ఎందుకంటే పాత దారిలో "ఏడీ మీవాడు" అని అడిగే నలుగురికి రోజూ జవాబు చెప్పే ఓపిక లేదు. రాత్రి ఇంటికొచ్చే ముందు మెట్ల దగ్గర ఆగి అక్కకి ఫోన్ చేసి, మాట్లాడుతూనే తలుపు తీసేదాన్ని. మూడు వారాలకి ఫోన్ లేకుండా తీయగలిగాను. మీ వేళలు వేరే ఉంటాయి. ఆ వేళకి చేతికి ఒక పని, చెవికి ఒక గొంతు ఉండేలా చూసుకోండి.

దుఃఖం మెట్టు మెట్టుగా వస్తుందని, ముందు నమ్మకపోవడం, తర్వాత కోపం, చివరికి ఒప్పుకోవడం అని అయిదు దశలు చెబుతుంటారు. ఎలిజబెత్ కూబ్లర్ రాస్ అనే మానసిక వైద్యురాలు 1969లో వాటిని రాసింది చావుకి దగ్గరపడ్డ రోగులతో మాట్లాడి, అయినవాళ్లని పోగొట్టుకున్నవాళ్లని చూసి కాదు. మీకు ఆ వరసలో రాకపోతే ఏదో తేడా ఉందని టెన్షన్ పడకండి. నాకు ఎక్కువ నిజమనిపించింది మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే పరిశోధకులు 1999లో చెప్పిన మాట: మనిషి పోయినదాని వైపు కాసేపు, మిగిలిన బతుకు వైపు కాసేపు ఊగుతూ ఉంటాడు, ఆ ఊగడమే తేరుకోవడం. మధ్యాహ్నం ఫ్రెండ్స్‌తో పగలబడి నవ్వి సాయంత్రం ఏడ్చారంటే మీ ప్రేమ అబద్ధమని కాదు.

"నా వల్లే పోయింది"

ఇక్కడ ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే బెంగ దానంతట అది కరుగుతుంది, ఇది అలా కరగదు, దీన్ని కూర్చుని విప్పాలి. దాని తిండి, నీళ్లు, మందు, బయటికెళ్లడం అన్నీ మన చేతిలోనే ఉన్నాయి కాబట్టి చావు కూడా మన చేతిలోనే ఉండిందనిపిస్తుంది. ఇంజెక్షన్ ఇప్పించినవాళ్లు తొందరపడ్డామంటారు, ఇప్పించనివాళ్లు అనవసరంగా బాధపెట్టామంటారు, ఆపరేషన్ చేయించినవాళ్లు చివరి రోజులు ఆసుపత్రి పాలు చేశామంటారు, చేయించనివాళ్లు డబ్బు చూసుకున్నామంటారు. ఏది చేసినా మిగిలేది ఇదే అయితే, తప్పు చేసినందుకే ఇలా ఉందని ఎలా అనగలం?

ఒక కాగితం తీసుకుని మధ్యలో గీత గీయండి. ఎడమ వైపు, చివరి నెలరోజుల్లో తేదీల వారీగా ఆ రోజుకి మీకు తెలిసింది మాత్రం రాయండి. కుడి వైపు, తర్వాత తెలిసింది. మా వాడిది నేనిలా రాసుకున్నాను. ఎడమ వైపు: "మంగళవారం, గిన్నెలో సగం వదిలేశాడు, ఎండగా ఉందనుకున్నాను. గురువారం, బాగానే తిన్నాడు, బంతి తెచ్చాడు. శనివారం పొద్దున పడిపోయాడు." కుడి వైపు: "ప్లీహంలో గడ్డ పగిలి లోపల రక్తం పోయింది." రాసేదాకా నా తలలో ఈ రెండూ కలిసిపోయి ఉన్నాయి, మంగళవారమే నాకు గడ్డ సంగతి తెలిసి కూడా ఊరుకున్నట్టు. ప్లీహంలో వచ్చే హెమాంజియోసార్కోమా అనే క్యాన్సర్ చాలా కుక్కల్లో పగిలేదాకా పైకి ఏమీ చూపించదని డాక్టరు చెప్పారు. పిల్లుల్లో కిడ్నీ జబ్బూ అంతే, మూడింట రెండు వంతుల పని పోయాక గానీ మనకి కనిపించే లక్షణాలు మొదలవవు. పైగా జంతువులు నీరసాన్ని, నొప్పిని దాచుకుంటాయి, పిల్లులు మరీను. మీరు గమనించకపోవడానికి సగం కారణం అది దాచిపెట్టడమే.

కాగితం నిండాక కూడా తేలని ప్రశ్నలు మిగిలితే, రెండు వారాల తర్వాత డాక్టరుతో పది నిమిషాలు టైమ్ అడగండి. ప్రశ్నలు రాసుకుని వెళ్లండి. "రెండు రోజులు ముందొస్తే బతికేదా", "ఆ మందు ఆపకుండా ఉంటే", "ఇంజెక్షన్ ఇచ్చినప్పుడు దానికి తెలిసిందా". మంచి డాక్టర్లకి ఇది కొత్త కాదు. చివరి ప్రశ్నకి జవాబు ఇక్కడే చెప్పొచ్చు: ఆ మందు మత్తుమందు జాతిదే, ఎక్కువ మోతాదులో ఇస్తారు, ముందు స్పృహ పోతుంది, ఆ తర్వాతే ఊపిరి, గుండె ఆగుతాయి.

ఇంజెక్షన్ నిర్ణయం గురించి నలిగేవాళ్లకి ఇంకొక ఆధారం. ఆలిస్ విలలోబోస్ అనే పశు క్యాన్సర్ వైద్యురాలు తయారుచేసిన కొలత ఒకటుంది. నొప్పి ఎంత అదుపులో ఉంది, తిండి, ఒంట్లో నీరు, శుభ్రం, సంతోషం, కదలిక, చెడ్డ రోజులకంటే మంచి రోజులు ఎక్కువున్నాయా, ఈ ఏడింటికీ సున్నా నుంచి 10 దాకా మార్కులు వేస్తారు, మొత్తం 35 దాటితే ఇంకా చూసుకోవచ్చని లెక్క. చివరి వారానికి నిజాయితీగా మార్కులు వేయండి. చాలామందికి తాము తొందరపడలేదని అక్కడే అర్థమవుతుంది. పోయే ముందు రోజు లేచి తోక ఊపింది కదా అంటారా, ఆ ఒక్క తోక ఊపునే పట్టుకుని మిగతా ఆరు రోజులు మర్చిపోకండి.

డబ్బు చాలక వైద్యం ఆపేసినవాళ్లకి కూడా ఒక మాట చెప్పాలి, మామూలుగా వీళ్లు ఎవరికీ చెప్పుకోరు. ఇంటి అద్దె, పిల్లల ఫీజులు పెట్టి కూడా గెలుస్తుందో లేదో తెలియని ఆపరేషన్‌కి "లేదు" అనడం ప్రేమ లేకపోవడం కాదు. అన్నేళ్లు పెట్టిన తిండి, వేయించిన టీకాలు, మేల్కొన్న రాత్రులు ఆ లెక్కలో లేవా?

నిజంగానే పొరపాటు జరిగిన సందర్భాలూ ఉంటాయి. గేటు వేయడం మర్చిపోయారు, మందు డోసు తప్పింది, ఎలుకల మందు అందేచోట పెట్టారు. ఇలాంటప్పుడు "నీ తప్పేం లేదు" అని పక్కవాళ్లు ఎంత చెప్పినా మనసు తీసుకోదు, ఎందుకంటే అది నిజం కాదని మనకి తెలుసు. అప్పుడు ఒప్పుకోవడమే మేలు. నమ్మకమైన ఒక్కరి దగ్గర జరిగింది జరిగినట్టు పూర్తిగా, దాచకుండా చెప్పండి. దాని ముందు కూర్చుని చెప్పినట్టే క్షమించమని ఒక ఉత్తరం రాయండి. తర్వాత ఆ గేటుకి దానంతట అదే పడే గడియ పెట్టించండి, మందులు తాళం వేసిన అరలోకి మార్చండి. మీరు దానికి హాని తలపెట్టలేదు, తలుపు మర్చిపోయారు. ఈ రెండూ ఒకటి కావు.

పక్కవాళ్ల మాటలు

"కుక్కే కదా", "ఇంకొకటి తెచ్చుకో", "మనుషులు పోయినా ఇంత ఏడవరు". నలుగురూ గుర్తించని, బయటికి ఏడవడానికి వీల్లేని ఇలాంటి దుఃఖానికి కెన్నెత్ డోకా అనే పరిశోధకుడు 1989లో ఒక పేరే పెట్టారు. పేరు సంగతెలా ఉన్నా, అనుభవించేవాళ్లకి అర్థం ఒకటే: బాధ ఒకవైపు, అది దాచుకునే బాధ ఇంకోవైపు. అందరికీ వివరించే బాధ్యత మీకు లేదు. ఒక్క వాక్యం సిద్ధంగా పెట్టుకోండి, "నాకు చాలా దగ్గరిది, ఇప్పుడు దాని గురించి మాట్లాడలేను" అని, అక్కడితో మాట మార్చేయండి. అర్థం చేసుకునే మనిషి ఒక్కరు చాలు, తరచుగా ఆ ఒక్కరు ఇంతకుముందు ఇలాగే పోగొట్టుకున్నవాళ్లై ఉంటారు. ఇంట్లోనే ఒకరు ఏడుస్తూ ఇంకొకరు మామూలుగా తిరుగుతుంటే దాన్ని పోట్లాట చేసుకోకండి. మా ఆయన ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు, నెల తర్వాత చూస్తే ఫోన్‌లో వాడి వీడియోలన్నీ విడిగా ఫోల్డర్‌లో తేదీలతో సర్దిపెట్టుకున్నారు.

పిల్లలుంటే నిజం చెప్పండి, చిన్న మాటల్లో. "నిద్రపోయింది" అంటే రాత్రి పడుకోవడానికి భయపడతారు, "ఊరెళ్లింది" అంటే ఎదురు చూస్తారు, "పొలంలో వదిలాం" అంటే నిజం తెలిసిన రోజు మిమ్మల్ని నమ్మడం మానేస్తారు. "దాని ఒళ్లు బాగా పాడైపోయింది, గుండె ఆగిపోయింది, చచ్చిపోయింది, ఇక తిరిగి రాదు" అని చెప్పండి. అయిదేళ్ల లోపు పిల్లలకి తిరిగి రాకపోవడమన్నది అందదు, రేపు మళ్లీ అడుగుతారు, మళ్లీ అదే జవాబు అదే గొంతుతో చెప్పాలి. ఏడేళ్లకి అటూ ఇటూగా చావంటే శాశ్వతమని అర్థమవుతుంది, అప్పుడు "నేను తోక లాగినందుకేనా" లాంటి ప్రశ్న లోపల ఉండొచ్చు, వాళ్లు అడగకపోయినా "నువ్వు చేసిన దేనివల్లా కాదు" అని మీరే చెప్పండి. మీరు ఏడవడం వాళ్లు చూస్తే నష్టం లేదు.

ఇంట్లో ఇంకో కుక్కో పిల్లో ఉంటే అదీ బెంగ పెట్టుకోవచ్చు. వెతకడం, అరవడం, మీ వెనకే తిరగడం, పోయినదాని చోట పడుకోవడం. వేళలు తప్పించకండి, వీలైతే దేహాన్ని ఒకసారి వాసన చూడనివ్వండి. పిల్లి విషయంలో ఒక జాగ్రత్త: రెండు రోజులు ఏమీ తినకపోతే కాలేయానికి కొవ్వు పట్టి ప్రాణం మీదికి రావొచ్చు, లావుగా ఉన్న పిల్లులకి ఇంకా ప్రమాదం. బెంగే కదా అని వదిలేయకుండా డాక్టరుకి చూపించండి.

వస్తువులు, తేదీలు, ఇంకొకటి

వస్తువుల్ని ఎప్పుడు తీయాలో మీరే చెప్పగలరు, కానీ ఒకేసారి అన్నీ పారేయకండి, తర్వాత ఆ వాసన కోసం వెతుక్కుంటారు. ఒకటి రెండు ఉతక్కుండా కవర్లో పెట్టి దాచండి. మిగిలిన తిండి, ఉతికిన దుప్పట్లు జంతువుల షెల్టర్‌కి ఇవ్వొచ్చు, అంటురోగంతో పోయి ఉంటే మాత్రం వద్దు. మిగిలిన మందులు ఇంకో జంతువుకి సొంతంగా వేయకండి. టీకా రిమైండర్లు, పుట్టినరోజు అలారాలు, లైసెన్సు రిజిస్ట్రేషన్, వీటిని రెండో వారంలో ఎవరో ఒకరి చేత తీయించేయండి, ఆరు నెలల తర్వాత ఉన్నట్టుండి "టీకా వేళయింది" అని మెసేజ్ వస్తే మళ్లీ మొదటి రోజులాగే ఉంటుంది.

పెంచుకున్నది తప్పిపోయి, ఇక తిరిగి రాకపోతే ఆ ఇంటివాళ్ల బాధ వేరు. వెతకడం మానేస్తే వదిలేసినట్టు, వెతుకుతుంటే బతకలేనట్టు. వాళ్లకి నేను చెప్పేది వెతకడానికి హద్దు పెట్టుకోమనే. రోజూ ఫలానా గంట, ఫలానా తేదీ వరకు, ఆ తర్వాత వారానికి ఒక్క రోజు షెల్టర్లలో అడగడం. మిగతా గంటల్లో ఏడవొచ్చు, అది ఆశ వదులుకోవడం కింద రాదు.

ఎంతకాలం అని అందరూ అడుగుతారు. కొందరికి కొన్ని వారాలు, కొందరికి ఏడాది దాటుతుంది, ఒంటరిగా ఉండేవాళ్లకి, ముఖ్యంగా పెద్దవాళ్లకి, ఇంట్లో ఊపిరి తీసే ఇంకో ప్రాణం అదొక్కటే అయినవాళ్లకి ఎక్కువ పడుతుంది. కానీ వారాలు గడిచినా స్నానం, తిండి, పని ఏదీ సాగకపోతే, రోజూ తాగితే గానీ నిద్ర పట్టకపోతే కౌన్సెలర్‌నో మానసిక వైద్యుల్నో కలవండి. దాని దగ్గరికే వెళ్లిపోవాలనిపిస్తే మాత్రం రేపటిదాకా ఆగొద్దు, ఈ నిమిషమే పక్కనున్నవాళ్లకి చెప్పండి, ఎవరూ లేకపోతే హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి. ఏం చెప్పి మొదలుపెట్టాలో తెలియకపోతే "నా కుక్క చచ్చిపోయింది, నాకూ బతకాలని లేదు" అని ఉన్నదున్నట్టు చెప్పండి.

ఇంకొకటి తెచ్చుకోవడం గురించి నా అభిప్రాయం: మొదటి నెలలో వద్దు, ఎవరినీ సర్‌ప్రైజ్‌గా తెచ్చివ్వనివ్వకండి. ఖాళీ నింపడానికి తెచ్చిన పిల్ల పోయినదానిలా లేదని రోజూ పోలికకి గురవుతుంది, దానికది అన్యాయం. పోయినదాని పేరే చెప్పి పిలవకుండా కొత్తదాన్ని కొత్త పేరుతో పిలవగలనా అని అడిగి చూసుకోండి. కుక్క పార్వో అనే వైరస్ జబ్బుతో పోయినట్టయితే ఇంకో విషయం, ఆ వైరస్ ఇంట్లో, మట్టిలో నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాకా బతికే ఉంటుంది, మామూలు ఫినాయిల్‌కి పోదు. గచ్చు, గిన్నెలు ముందు శుభ్రంగా కడిగి, ఒక వంతు బ్లీచుకి 30 వంతుల నీళ్లు కలిపి పది నిమిషాలు తడిగా ఉంచాలి. పరుపులు, చెక్క సామాను మార్చేయడం మేలు. కొత్త కుక్కపిల్లని 16 వారాల వయసు దాటి ఆఖరి టీకా పడి, రెండు వారాలయ్యాకే ఇంట్లోకి తీసుకురండి. పిల్లుల్లో పాన్‌ల్యూకోపీనియా అనే జబ్బు తెచ్చేది కూడా ఆ జాతి వైరస్సే, అక్కడా ఇంతే జాగ్రత్త.

మేం ఇంకా తెచ్చుకోలేదు. మేకుకి గొలుసు అలాగే ఉంది, పొద్దున్న నడకకి మాత్రం ఈ మధ్యే మళ్లీ పాత దారిలో వెళ్తున్నాను, ఎవరైనా అడిగితే వాడి గురించి రెండు మాటలు చెబుతున్నాను.